నడుము నొప్పి కాల్లోకి దిగిందా? సయాటికా ఆనవాళ్లు ఇంట్లోనే పట్టడం ఎలా

మా పిన్ని రెండు నెలలపాటు పిక్కకు వైద్యం చేయించుకుంది. నొప్పి నూనె మర్దించింది, ఆముదపాకు వెచ్చచేసి కట్టింది, నరాల బలానికని ఇంజెక్షన్లు పొడిపించుకుంది. కాళ్లలో రక్తనాళాలు ఉబ్బాయేమోనని స్కానింగ్ కూడా తీయించింది. అన్నీ అయ్యాక చూసిన డాక్టరు పిక్క వైపు చూడనైనా చూడకుండా, "తుమ్మితే కాలు జివ్వుమంటుందా అమ్మా?" అని అడిగారు. "మీకెలా తెలుసండీ?" అంది పిన్ని. తప్పు పిక్కలో లేదు, నడుములో ఉంది. నడుము దగ్గర నరం నలిగి నొప్పి కాల్లోకి దిగడాన్నే సయాటికా అంటారు. అప్పటికి ఆమెకు నడుము నొప్పే లేదు, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

ఆ ప్రశ్న అడగడానికి డాక్టరే కానక్కర్లేదు. ఇలాంటివి మరికొన్ని ఉన్నాయి. వాటిని వరుసగా వేసుకుంటే నొప్పి కండరానిదా, నరానిదా, అసలు వెన్నుకు సంబంధం లేనిదా అన్నది చాలావరకు తేలుతుంది. వైద్యం ఇంట్లో చేసుకోమని కాదు. ఎన్నాళ్లు ఆగొచ్చో, ఎప్పుడు ఆగకూడదో తెలుసుకోవడానికి. ఒక పెన్ను, ఒక కాగితం, సాయానికి ఇంట్లో ఒక మనిషి ఉంటే చాలు.

ముందుగా: ఇవి ఉంటే చదవడం ఆపి బయల్దేరండి

కూర్చుని పరీక్షలు చేసుకునే ముందు నాలుగు విషయాలు చూసుకోండి.

సైకిల్ సీటుకు ఆనే భాగం, అంటే మలద్వారం, జననాంగాల చుట్టూ, తొడల లోపలి వైపు మొద్దుబారిందా? మనవాళ్లలో ఇది బయటపడేది దొడ్డికి వెళ్లి కడుక్కునేటప్పుడు. నీళ్లు తగిలిన సంగతి తెలియదు, చెయ్యి తగిలినా పరాయి ఒళ్లు ముట్టుకున్నట్టు ఉంటుంది. మూత్రం వస్తున్నట్టుండి రాకపోవడం, నిండినా తెలియకపోవడం, తెలియకుండా కారిపోవడం, మలం ఆపుకోలేకపోవడం రెండోది. రెండు కాళ్లలోకీ ఒకేసారి నొప్పి దిగి, రెండూ బలహీనపడటం మూడోది. పాదం పైకి లేవకుండా గంటల్లో, రోజుల్లో వాలిపోవడం నాలుగోది.

వెన్నుపాము చివర నరాలు గుర్రం తోకలా కుచ్చుగా విడిపోతాయి. ఆ కుచ్చు మొత్తం నలిగినప్పుడు ఇలా అవుతుంది. దీన్ని 'కాడా ఈక్వైనా' అంటారు, ఆ లాటిన్ మాటకు అర్థం గుర్రం తోకే. అరుదైనదే. కానీ వచ్చిందంటే గంటల లెక్క. ఆలస్యమైతే మూత్రం మీద అదుపు శాశ్వతంగా పోవచ్చు. తెల్లారాక చూద్దాం, ఆదివారం కదా అనుకోవద్దు. 108కి ఫోన్ చేసి, ఎంఆర్ఐ, న్యూరో సర్జన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. చెప్పుకోవడానికి సిగ్గుపడి చాలామంది మొదటి రెండు లక్షణాలే దాచేస్తారు, ముఖ్యంగా మన ఇళ్లలో ఆడవాళ్లు. ఇంట్లో ఎవరికైనా తీవ్రమైన నడుము నొప్పి వస్తే మీరే అడగండి.

ఇవేవీ లేకపోతే కాగితం తీసుకోండి.

మొదటి పని: నొప్పి దారిని వేలితో గీయండి

"ఎక్కడ నొప్పి?" అంటే అందరం అరచేత్తో నడుమంతా రుద్ది చూపిస్తాం. అలా కాదు, ఒక్క వేలితో చూపించండి. మొదలైన చోట వేలు పెట్టి, నొప్పి పోయినంత దూరం కిందికి గీయండి. ఎక్కడ ఆగిందో అక్కడ ఆపండి. కాగితం మీద మనిషి బొమ్మ వేసి, ఆ గీతే దాని మీద కూడా గీయండి.

గీత నడుము దగ్గరే ఆగితే, లేదా రెండు పిర్రల దాకా, మహా అయితే తొడ వెనక సగం దాకా వచ్చి అక్కడ చెల్లాచెదురైతే, అది మామూలు నడుము నొప్పి అయ్యే అవకాశమే ఎక్కువ. కండరం, కీలు, వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్ ఇలా ఏదైనా నొప్పి పెట్టవచ్చు. వెన్ను కీళ్ల నొప్పి కూడా కొంత తొడలోకి దిగుతుంది. కాబట్టి తొడలోకి రాగానే సయాటికా అని పేరు పెట్టేయకండి. గీత మోకాలు దాటి పిక్కలోకి, పాదంలోకి, ఫలానా వేలిదాకా సన్నటి దారిలా పోతే నరాన్ని అనుమానించాలి. సాధారణంగా ఒక కాలికే ఉంటుంది.

నడుము భాగంలో ఐదు వెన్నుపూసలు ఉంటాయి. పైనుంచి ఎల్1 నుంచి ఎల్5 దాకా వాటి లెక్క. కింద త్రికాస్థి, దాని లెక్క ఎస్1 నుంచి. ఎల్4 నుంచి ఎస్3 దాకా బయటికొచ్చే నరాల పాయలు కలిసి సయాటిక్ నరం అవుతుంది. ఒంట్లో అన్నిటికన్నా లావాటి నరం ఇదే, పిర్రలో దాదాపు బొటనవేలంత లావు. తొడ వెనకగా దిగి, మోకాలికి కాస్త పైన రెండుగా చీలి పాదం దాకా పోతుంది. ఒక్కో పాయకు కాలి మీద ఒక్కో పొలం ఉంటుంది. ఏ పొలం ఎండిందో చూస్తే ఏ కాలువ పూడిందో తెలిసినట్టు, ఇక్కడా అంతే.

నొప్పి లేదా తిమ్మిరి మోకాలి ముందు నుంచి, మోకాలి కింద కాలి లోపలి వైపుకు దిగితే ఎల్4. కాలి బయటి పక్కగా దిగి, పాదం పైభాగం మీదుగా బొటనవేలి దాకా పోతే ఎల్5. పిక్క వెనకగా దిగి మడమ, అరికాలు, చిటికెన వేలు పట్టుకుంటే ఎస్1. డిస్క్ జారడం ఎక్కువగా జరిగేది అడుగున ఉన్న రెండు చోట్ల, ఎల్4–ఎల్5 మధ్య, ఎల్5–ఎస్1 మధ్య. అందుకే బొటనవేలు, చిటికెన వేలు ఈ రెండే మనం ఎక్కువగా వినే ఫిర్యాదులు. గీతలు అచ్చంగా పుస్తకంలో బొమ్మలా ఉండవు, మనిషికీ మనిషికీ కాస్త తేడా ఉంటుంది.

డిస్క్ జారడం అంటే ఏదో బిళ్ల పక్కకు తప్పుకోవడం కాదు. డిస్క్ లోపల మెత్తటి గుజ్జు, చుట్టూ గట్టి పీచు పొరలు ఉంటాయి. ముంజెను నొక్కితే లోపలి నీరు ఒక పక్కనుంచి చిమ్ముతుంది చూడండి, అలా పీచు చిట్లిన చోట గుజ్జు బయటికి వస్తుంది. పక్కనే నరం ఉంటే దాన్ని నొక్కుతుంది, నొక్కడమే కాకుండా వాపు కూడా తెస్తుంది. నాటు వైద్యులు 'జారిన బిళ్లను' చేత్తో తోసి సర్దేస్తామంటే నమ్మకండి. తోయడానికి అక్కడ బిళ్ల లేదు.

ఆయుర్వేదంలో ఈ జబ్బు పేరు గృధ్రసి. గృధ్రం అంటే రాబందు. నొప్పి ఉన్న మనిషి కాలు ఈడుస్తూ, నడుము ఒక పక్కకు వంచి రాబందులా నడుస్తాడని ఆ పేరు వచ్చిందంటారు. పిర్ర దగ్గర మొదలై తొడ, మోకాలు, పిక్క, పాదం దాకా వరుసగా దిగే నొప్పి అన్న వర్ణన కూడా ఆ వైద్యంలో ఉంది. ఎంఆర్ఐ లేని రోజుల్లోనూ వేలితో దారి గీయించే ఉంటారు.

రెండో పని: నొప్పికి సరైన మాట వెతకండి

తెలుగులో నొప్పికి ఉన్నన్ని మాటలు వాడుకోండి. 'బాగా నొప్పి' అంటే డాక్టరుకు ఏమీ చెప్పినట్టు కాదు. పట్టేసింది, బిగుసుకుంది, సలుపుతోంది, లోపల పుండులా ఉంది అంటే చాలావరకు కండరం, కీళ్ల భాష. జివ్వున లాగింది, కరెంటు కొట్టినట్టయింది, మండుతోంది, సూదులు గుచ్చినట్టుంది, చీమలు పాకినట్టుంది అంటే నరం భాష.

ఒక్క చోట మాత్రం మన మాటలు పొరపాటు దారి పట్టిస్తాయి. 'తిమ్మిరి' అని మూడు రకాలకూ ఒకే మాట వాడతాం. చీమలు పాకడం ఒకటి, అసలు స్పర్శ తెలియకపోవడం ఇంకొకటి, కాలు మాట వినకపోవడం మరొకటి. ఈ మూడింటినీ విడదీయండి. దూదిని లేదా చీర కొంగును రెండు కాళ్ల మీదా ఒకే చోట ఆనించి, కళ్లు మూసుకుని పోల్చుకోండి. బొటనవేలు, చిటికెన వేలు, పాదం పైభాగం, పిక్క వెనక, మోకాలి కింద కాలి లోపలి వైపు. ఒక పక్క తక్కువగా తెలిస్తే కాగితం మీద అక్కడ అడ్డగీతలు వేయండి.

మూడో పని: ఏం చేస్తే పెరుగుతోంది, ఏం చేస్తే తగ్గుతోంది

రెండు రోజులు గమనించి రాయండి. మాత్ర వేసుకోక ముందు రాసుకుంటే ఇంకా మంచిది.

తుమ్మినా, దగ్గినా, ముక్కినా కాలు జివ్వుమంటే డిస్క్ వైపు చూపు పోవాలి. ఆ క్షణంలో వెన్ను లోపల ఒత్తిడి పెరిగి నరానికి తగులుతుంది. కుర్చీలో కూర్చుంటే, ముందుకు వంగితే, బైకు మీద స్పీడ్ బ్రేకర్ దాటితే పెరిగి, నడిస్తే లేదా పడుకుంటే నెమ్మదించడం కూడా డిస్క్ నొప్పి తీరే. వరి నాట్లు వేసిన సాయంత్రం, నిండు గ్యాస్ సిలిండర్ ఎత్తిన మర్నాడు పొద్దున మొదలైందా? అదీ రాయండి. వంట గ్యాస్ 14.2 కిలోలైనా బండతో కలిపి 30 కిలోల దగ్గర తూగుతుంది. దాన్ని నడుము వంచి, మెలితిప్పి ఎత్తేవాళ్లు మన వంటిళ్లలో తక్కువేం కాదు. అయితే ఏ బరువూ ఎత్తకుండా, మొహం కడుక్కోవడానికి వంగినప్పుడు పట్టేసినవాళ్లూ ఉన్నారు. కారణం దొరకలేదని నొప్పిని అనుమానించొద్దు.

అరవై దాటినవాళ్లలో కథ తిరగబడుతుంది. కూర్చుంటే హాయి, నిలబడితే, నడిస్తే నరకం. గుడి దాకా నడవబోతే మధ్యలో రెండు కాళ్లూ బరువెక్కి, మొద్దుబారి, ఎక్కడో అరుగు చూసుకుని కూర్చోవాలి. ఐదు నిమిషాలు కూర్చుంటే మళ్లీ నడవగలరు. విచిత్రంగా సైకిల్ మాత్రం ఎంతదూరమైనా తొక్కుతారు, సూపర్ మార్కెట్లో బండి మీద వాలి ఎంతసేపైనా తిరుగుతారు. వయసుతో వెన్ను కాలువ ఇరుకైపోవడం వల్ల ఇలా అవుతుంది. ముందుకు వంగినప్పుడు ఆ కాలువ కాస్త తెరుచుకుంటుంది.

దీన్ని పోలినదే ఇంకొకటి ఉంది, జాగ్రత్త. కాళ్ల రక్తనాళాలు పూడుకున్నా నడిస్తే పిక్కలు పట్టేస్తాయి. తేడా ఏమిటంటే, వాళ్లకు కూర్చోనక్కర్లేదు, వంగనక్కర్లేదు, నిలబడితే చాలు తగ్గిపోతుంది. సైకిల్ తొక్కినా నొప్పి వస్తుంది. పాదం చల్లగా ఉండి, పాదం మీద నాడి అందకపోతే, పైగా బీడీ, సిగరెట్ అలవాటో షుగరో ఉంటే ఎముకల డాక్టరు కన్నా ముందు రక్తనాళాల డాక్టరు చూడాలి.

ఈ రాతలో ఇంకో గమనిక చేర్చండి: నొప్పి ఎటు ప్రయాణిస్తోంది? వారం కిందట పాదం దాకా ఉన్నది ఇప్పుడు మోకాలి దాకా, మరుసటి వారం పిర్ర దాకా వచ్చిందంటే, నడుములో కాస్త పెరిగినట్టనిపించినా మంచి సూచనే. దారి తిరగబడితే, అంటే నడుము తేలికపడి నొప్పి పాదంలోకి దిగుతుంటే, సంతోషించకండి.

నాలుగో పని: బలం చూడండి, ఇదే అసలు పరీక్ష

నొప్పి ఎంత ఉందన్నదాని కన్నా బలం ఎంత ఉందన్నది ముఖ్యం. ఏడ్చేంత నొప్పితో ఉన్నవాళ్లకు నరం దెబ్బతినకుండా ఉండొచ్చు. 'నొప్పి తగ్గిపోయిందండీ, కాస్త కాలు ఈడుస్తోంది అంతే' అనే మనిషిది ఎక్కువ తొందర. నొక్కుడుకు నరం చచ్చుబడుతున్నప్పుడు కూడా నొప్పి తగ్గుతుంది. నొప్పి తగ్గి, బలం కూడా తగ్గితే అది నయం కావడం కాదు.

గోడ పక్కన, పట్టుకోవడానికి ఆసరా ఉన్న చోట చేయండి. ముసలివాళ్లయితే పక్కన మనిషి ఉండాలి.

మడమల మీద పది అడుగులు నడవండి, వేళ్లు గాల్లో ఉండాలి. ఒక పాదం పదేపదే నేలకు వాలిపోతుంటే ఎల్4, ఎల్5 వైపు బలహీనత. తర్వాత కుర్చీలో కూర్చుని రెండు బొటనవేళ్లనూ పైకి ఎత్తండి. ఇంట్లో మనిషిని రెంటినీ వేలితో ఒకేసారి కిందికి నొక్కమనండి. ఒకటి గట్టిగా నిలిచి, రెండోది సులువుగా వాలిపోతే ఎల్5. ఇప్పుడు గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి మునివేళ్ల మీదికి లేవండి, పదిసార్లు. రెండో కాలితో మళ్లీ పదిసార్లు. మంచి కాలు పదీ లేచి, నొప్పి కాలు మూడు నాలుగింటికే కూలబడితే ఎస్1. రెండు కాళ్లమీదా కలిపి లేస్తే ఈ తేడా దాక్కుంటుంది, ఒంటికాలి మీదే చేయాలి. చివరగా రెండు మెట్లు ఎక్కండి. మోకాలు పట్టు తప్పి కుంగిపోతే తొడ ముందు కండరం బలహీనపడిందేమో, అది ఎల్4 లేదా ఇంకా పై పాయల సంగతి.

నొప్పికి భయపడి లేవలేకపోవడం వేరు, లేవాలన్నా లేవకపోవడం వేరు. ఈ తేడా మీకే తెలుస్తుంది.

పరీక్షలు చేయనక్కర్లేకుండానే ఇంట్లో కనబడే గుర్తు ఒకటుంది: చెప్పు. రబ్బరు చెప్పు పాదం నుంచి జారిపోయినా తెలియకపోవడం, ఒక చెప్పు ముందు అంచు మాత్రమే అరిగిపోవడం, నడుస్తుంటే ఒక కాలు 'టప్' మని నేలను కొట్టిన చప్పుడు రావడం. పాదం వాలిపోవడాన్ని ఇంట్లోవాళ్లు తరచుగా ముందు చెవులతోనే పడతారు.

ఐదో పని: కాలు ఎత్తించి చూడండి

మంచం మీద వెల్లకిలా పడుకోండి. మీరు కాలు వదులుగా వదిలేయాలి. సాయం చేసే మనిషి ఒక చెయ్యి మడమ కింద, ఒక చెయ్యి మోకాలి మీద పెట్టి, మోకాలు వంగకుండా కాలు మెల్లగా పైకి ఎత్తాలి. ముందు మంచి కాలు, తర్వాత నొప్పి కాలు. 30 నుంచి 70 డిగ్రీల మధ్య, అంటే కాలు పూర్తిగా నిటారుగా లేచేలోపు, మోకాలు దాటి పిక్కలోకో పాదంలోకో అదే జివ్వుమనే నొప్పి వస్తే నరం లాగుతున్నట్టు. అక్కడే ఆపేయాలి. కాస్త కిందికి దించి, పాదాన్ని మాత్రం ముఖం వైపు వంచితే మళ్లీ జివ్వుమంటే అనుమానం ఇంకా బలపడుతుంది.

తొడ వెనక మాత్రం బిగుసుగా లాగితే అది కండరం, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. ఆఫీసు కుర్చీల్లో కూర్చునే మనందరికీ అక్కడ బిగుసే. మంచి కాలు ఎత్తినప్పుడు నొప్పి కాల్లో జివ్వుమంటే మాత్రం తప్పకుండా రాసుకోండి, డాక్టర్లు దానికి చాలా విలువ ఇస్తారు. పందెంలా, ఎంత పైకి పోతుందో చూద్దామని లాగొద్దు. ఇందులో నొప్పి రానంత మాత్రాన నరం బాగున్నట్టు కాదు, ముఖ్యంగా వెన్ను కాలువ ఇరుకైన పెద్దవాళ్లలో.

ఆరో పని: వేషం మార్చిన నొప్పులను విడదీయండి

ఇక్కడే ఎక్కువమంది తప్పుదారి పడతారు, కాస్త ఓపికగా చదవండి.

కిడ్నీలో రాయి నొప్పి నడుము పక్కన, పక్కటెముకల కింద మొదలై గజ్జల్లోకి, వృషణాల్లోకి పోతుంది. అలలు అలలుగా వస్తుంది. నడుము పట్టేసిన మనిషి కదలడు, రాయి నొప్పి మనిషి ఒకచోట నిలవడు, మంచం మీద దొర్లుతూ, గదంతా తిరుగుతూ ఉంటాడు. వాంతులు, మూత్రంలో మంట, ఎరుపు ఉంటే అనుమానం ఇంకా బలపడుతుంది. మన ఎండల్లో ఇది సాధారణం.

తుంటి కీలు అరిగితే నొప్పి గజ్జల్లో, తొడ ముందు. బాసింపట్టు వేసుకుని కూర్చోలేరు, ప్యాంటు తొడుక్కోవడానికి కాలు ఎత్తలేరు. తుమ్మితే ఏమీ కాదు.

షుగరు ఉన్నవాళ్లకు రెండు పాదాలూ సమానంగా, మేజోళ్లు తొడిగినంత మేర మండుతూ మొద్దుబారతాయి, రాత్రిళ్లు ఎక్కువ. సయాటికా ఒక కాలిది, ఒక దారిది. అయితే షుగరు ఉన్నవాళ్లకు సయాటికా రాకూడదన్న రూలు లేదు, రెండూ ఉన్నవాళ్లు ఉన్నారు.

తొడ బయటి వైపు అరచేయంత మేర మాత్రమే మండుతూ, మొద్దుగా ఉంటే బెల్టు, బిగుతు జీన్స్, లంగా బొందు చూడండి. గజ్జ దగ్గర ఒక చిన్న నరం నలిగితే అలా అవుతుంది. గర్భిణులకు, బొజ్జ పెరిగినవాళ్లకు ఎక్కువ. బలం తగ్గదు, మోకాలు దాటదు. బొందు వదులు చేస్తే చాలాసార్లు అదే పోతుంది.

ఒక పక్కన పట్టీలా మంట పుట్టి, మూడు నాలుగు రోజులకు అదే పట్టీ మీద నీటి పొక్కులు వస్తే అది సర్పి. వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి, మందు ఎంత త్వరగా మొదలైతే అంత మేలు.

నలభై లోపు కుర్రవాళ్లలో మూడు నెలలు దాటిన నడుము నొప్పి, పొద్దున లేచాక అరగంటకు పైగా వెన్ను కొయ్యలా ఉండి, పనిలో పడితే సర్దుకోవడం, విశ్రాంతి తీసుకుంటే పెరగడం, తెల్లవారుజామున నొప్పికి మెలకువ రావడం, ఒకసారి ఈ పిర్ర ఒకసారి ఆ పిర్ర నొప్పి. ఇది వెన్ను కీళ్లవాతం కావచ్చు. చూపించాల్సింది రుమటాలజిస్టుకు. ఏళ్ల తరబడి 'డిస్క్' అని తిరిగేవాళ్లలో వీళ్లూ ఉంటారు.

సాయంత్రం పూట సన్నజ్వరం, ఆకలి చచ్చిపోవడం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు, వెన్నులో ఒకే పూస మీద తడితే ప్రాణం పోవడం ఉంటే వెన్ను క్షయను గుర్తు చేసుకోవాలి. దగ్గు లేకపోయినా వెన్నుకు టీబీ వస్తుంది. మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. పూర్వం క్యాన్సర్ ఉన్నవాళ్లకు కొత్తగా వచ్చిన వెన్ను నొప్పిని, పెద్ద వయసు ఆడవాళ్లకు లేదా ఏళ్లుగా స్టెరాయిడ్ మాత్రలు వాడినవాళ్లకు బకెట్ ఎత్తగానే 'కటుక్' మన్న నొప్పిని కూడా వారాల తరబడి నానబెట్టొద్దు.

నల్గొండ, ప్రకాశం జిల్లాల వాళ్లకు ఒక మాట. తరాల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఊళ్లలో వెన్ను కడ్డీలా బిగిసి, వంగలేక, గొంతుక్కూర్చోలేక పోవడం ఉంటుంది. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో వైద్యులు దీని గురించి రాశారు. మీ ఊరి నీటి సంగతి డాక్టరుకు మీరే చెప్పండి, నగరంలో డాక్టరుకు తట్టకపోవచ్చు.

సిజేరియన్ అప్పుడు నడుములో ఇచ్చిన మత్తు ఇంజెక్షన్ వల్లే జీవితాంతం నొప్పి అనే నమ్మకం మాత్రం వదిలేయండి. సూది గుచ్చిన చోట కొన్నాళ్లు నొప్పి ఉండొచ్చు. ఏళ్ల నొప్పికి బిడ్డను ఎత్తుకోవడం, వంగి పాలివ్వడం, నిద్ర లేకపోవడం, నీరసించిన పొట్ట కండరాలు దగ్గరి కారణాలు.

ఏడో పని: ఎన్నాళ్లు ఆగాలి, ఆగినంతకాలం ఏం చేయాలి

పైన చెప్పిన ప్రమాద గుర్తులు లేవు, బలం బాగుంది, నొప్పి భరించేలా ఉంది. అయితే కంగారు అక్కర్లేదు. మామూలు నడుము నొప్పి చాలామందికి ఆరు వారాల్లోపు నెమ్మదిస్తుంది. సయాటికాకు ఆరు నుంచి పన్నెండు వారాలు పట్టొచ్చు. బయటికొచ్చిన గుజ్జు చాలామందిలో దానంతటదే కుంచించుకుపోతుంది. రెండు మూడు వారాలైనా తగ్గుముఖం కనబడకపోతే, నిద్ర పట్టనివ్వకపోతే డాక్టరును కలవండి. బలం తగ్గినట్టు పరీక్షలో తేలితే ఈ లెక్కలేవీ చూసుకోకుండా ఆ ఒకటి రెండు రోజుల్లోనే వెళ్లండి.

నెలరోజులు మంచం దిగొద్దన్న పాత సలహా ఇప్పుడు ఎవరూ ఇవ్వడం లేదు. ఓర్చుకోగలిగినంత నడవండి, గంటల తరబడి ఒకే భంగిమలో ఉండొద్దు. వేడి కాపడం పెట్టుకోవచ్చు, కానీ మొద్దుబారిన చోట పెట్టొద్దు, కాలినా తెలియదు. నాలుగో పని, అంటే బలం చూసే పరీక్షలు, మూడు రోజులకొకసారి మళ్లీ చేసి రాసుకోండి.

నొప్పి మాత్రల విషయంలో మాత్రం మనం మరీ ధైర్యవంతులం. మందుల షాపులో 'నడుము నొప్పికి రెండు మాత్రలివ్వు' అంటే చేతికొచ్చేది తరచుగా డైక్లోఫెనాక్ లాంటిదే. రాబందు పేరున్న ఈ జబ్బుకు మనం మింగే ఆ మందే మన దేశంలో రాబందులను దాదాపు తుడిచిపెట్టేసింది. అది వేసిన పశువుల కళేబరాలు తిని, కిడ్నీలు పాడై అవి చచ్చిపోయాయి. పశువులకు దాన్ని వాడటాన్ని 2006లో నిషేధించారు. మనిషి కిడ్నీ రాబందు కిడ్నీ అంత సుకుమారం కాదు గానీ, బీపీ, షుగరు, గుండె జబ్బు, కడుపులో పుండు ఉన్నవాళ్లు, ఉద్దానంలాగా కిడ్నీ జబ్బు ఊరంతా ఉన్న చోటివాళ్లు, గర్భిణులు డాక్టరును అడగకుండా ఆ జాతి మాత్రలు ముట్టుకోకూడదు.

ఎనిమిదో పని: డాక్టరు ముందు ఏం చెప్పాలి

ముందే ఎంఆర్ఐ తీయించుకుని వెళ్తే టైము కలిసొస్తుందని అనిపిస్తుంది. కలిసిరాదు. నొప్పి ఏమీ లేని 3,110 మంది స్కాన్లను కలిపి చూసిన ఒక సమీక్ష 2015లో వచ్చింది. ఇరవై ఏళ్లవాళ్లలో 37 శాతం మందికి డిస్క్ అరుగుదల, 30 శాతం మందికి ఉబ్బు కనిపించాయి. యాభై ఏళ్లవాళ్లలో 80 శాతం, 60 శాతం. వీళ్లెవరికీ నడుము నొప్పి లేదు. కాబట్టి రిపోర్టులో 'డిస్క్ బల్జ్' అన్న మాట చూసి నీరుగారిపోవద్దు, అది జుట్టు నెరవడం లాంటిది కూడా కావచ్చు. మీరు కాగితం మీద గీసిన దారీ, బలం తగ్గిన వేలూ, స్కానులో కనిపించిన చోటూ ఒకదానికొకటి అతికితేనే దానికి విలువ. ఎడమ కాలు నొప్పికి కుడి పక్క ఉబ్బు చూపించి ఆపరేషన్ అంటే, ఇంకో డాక్టరును అడగండి.

గదిలోకి వెళ్లగానే ఇలా చెప్పి చూడండి: "మూడు వారాలైందండి. ఎడమ పిర్రలో మొదలై కాలి బయటి పక్కగా బొటనవేలి దాకా కరెంటులా పోతుంది. కూర్చుంటే, తుమ్మితే పెరుగుతుంది, నడిస్తే తగ్గుతుంది. పాదం పైన స్పర్శ తక్కువ. మడమల మీద నడిస్తే ఎడమ పాదం వాలుతోంది, పది రోజుల కిందట వాలలేదు. మూత్రం, దొడ్డి మామూలుగానే ఉన్నాయి. జ్వరం లేదు. షుగరుకు మాత్ర వాడుతున్నా." అరనిమిషం పట్టదు.

వేసుకుంటున్న మాత్రల చీటీలన్నీ, పాత ఎక్స్‌రేలు పట్టుకెళ్లండి. జీన్స్ వేసుకెళ్లొద్దు. కాలు ఎత్తించి చూడాలి, మోకాలి కింద సుత్తితో కొట్టి చూడాలి, పాదాలు పక్కపక్కన పెట్టి పోల్చాలి. వదులు పైజామానో, లుంగీయో, చీరో వేసుకుని, సులువుగా విప్పుకునే చెప్పులతో వెళ్లండి. బైకు మీద కాకుండా ఆటోలో వెళ్లండి, అదీ ముందు సీటులో డ్రైవరు పక్కన ఒదిగి కాదు.